‘అంతా బాగానే ఉంది’ అన్న బుధవారం

మా డాక్టరమ్మకు ముక్కు మీద కోపం. నాకున్నది అంతకన్నా ఎక్కువ. ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇమిడాయే అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఏళ్ల తరబడి ఆవిడ దగ్గర నర్సుగా పనిచేశాను. ఆవిడ గురించి చెప్పాలంటే నాకే చెల్లు.

మాది చిన్న ఆరోగ్య కేంద్రం. రెండు గదులు, ఒక వరండా, ఎప్పుడూ తరగని జనం. డాక్టరు ఆవిడొక్కతే. ఒంటరి డాక్టరుకు పట్టే జబ్బు ఒకటుంది. ఆ మనిషి మాట కాదనేవాళ్లు ఉండరు. రోగులు దండం పెడతారు, మేము తలూపుతాం. కొన్నేళ్లకు తప్పు కూడా అలవాటులో కలిసిపోతుంది.

ఆ అలవాటుకు నేనే బలయ్యాను. ఒక ఏడాది నాకు విపరీతమైన నీరసం. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, జుట్టు దువ్వెనకు అంటుకుని వచ్చేది. ఆవిడేమో, “నడుస్తున్నావా సిస్టర్, నిద్రపోతున్నావా? ఆ సీరియళ్లు కాస్త తగ్గించు” అనేది. రోజూ చూసే మొహం కొంచెం కొంచెంగా మారితే ఎవరికీ తెలియదు. అద్దంలో చూసుకునే నాకూ తెలియలేదు. ఒళ్లు సహకరించక నేను చస్తుంటే, పైగా బద్ధకస్తురాలినని పేరొకటి.

నెలకో బుధవారం మధ్యాహ్నం చుట్టుపక్కల కేంద్రాల డాక్టర్లు ఐదుగురు మా మందుల గదిలో ఆవిడతో కూర్చునేవాళ్లు. బీరువా తాళాలు నావి కాబట్టి నేనూ అక్కడే ఉండేదాన్ని. వాళ్ల పద్ధతి వింతగా ఉండేది. తనకు అంతుపట్టని రోగి గురించో, తాను చేసిన తప్పు గురించో ప్రతి ఒక్కరూ చెప్పాలి. గొప్పలు చెప్పుకోకూడదు. ‘నేనైతేనా’ అనే మాట ఎత్తకూడదు, ప్రశ్నలే అడగాలి. గదిలో మాట గది దాటకూడదు.

ఒక బుధవారం నేను టీ అందిస్తుంటే, బదిలీ మీద కొత్తగా వచ్చిన మీసాల డాక్టరు కప్పు తీసుకోకుండా నా మొహమే చూశాడు. “మీ సిస్టర్‌కి థైరాయిడ్ ఎప్పుడు చూశారు మేడం?” అన్నాడు. మా డాక్టరమ్మ వెంటనే నా రక్తం తీసింది. పరీక్ష చేస్తే థైరాయిడ్ దాదాపు పనిచేయడమే లేదు. రోజుకో మాత్రతో మళ్లీ మనిషినయ్యాను.

తర్వాతి సమావేశంలో ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “కళ్లెదురుగా ఉన్న జబ్బుని ఏడాదిపాటు బద్ధకమన్నాను. ఇది నా కేసు. అడగండి” అంది. వాళ్లు మొహమాటపడలేదు, ఆవిడ దాచలేదు. నా కోపం పూర్తిగా పోలేదు. కానీ తన తప్పును తానే బల్ల మీద పెట్టిన మనిషిని ఎంతకాలమని తిట్టుకుంటాను?

అంతలో మా కేంద్రాలన్నిటి మీదా కొత్త ఆఫీసరు దిగాడు. పని వేళల్లో తలుపులేసుకుని టీలు తాగుతున్నారట అని ఎవరో చెవిలో వేశారు. ఇకమీదట తాను కూర్చుంటేనే సమావేశం, ఎవరు ఏ తప్పు చేశారో రాసుకుంటాను అన్నాడు.

“మీరు రాసుకుంటుంటే ఎవరూ నోరు విప్పరు సార్” అంది మా డాక్టరమ్మ.

“తప్పు చెయ్యనివాళ్లకి భయమెందుకమ్మా?” అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేయని డాక్టరు ఉంటాడని నమ్మేవాడు రోగి మొహం చూసి ఎన్నాళ్లయిందో!

తర్వాతి సమావేశం బుధవారం, గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీలో ఆయన కూర్చున్నాడు. మా డాక్టరమ్మ పట్టుదలకు పోయి తన తప్పొకటి చెప్పింది. “దీనికి బాధ్యులెవరు?” అంటూ ఆయన పెన్ను తీశాడు. “నేనే” అంది. ఆయన రాసుకున్నాడు. ఆ తర్వాత గదిలో గొంతులు మారిపోయాయి. మా దగ్గర అంతా బాగానే ఉందండి అన్నారొకరు. మా దగ్గరా అంతే అన్నారు ఇంకొకరు. మీసాలాయన కూడా అదే పాట. అందరికన్నా చిన్నవాడైన డాక్టరు, “నాకూ ఏమీ లేవండి” అన్నాడు. ఎంత సాఫీగా జరిగిందో చూశారా అంటూ ఆఫీసరు మురిసిపోతూ వెళ్లాడు.

సాయంత్రం తాళం వేస్తుంటే ఆ చిన్న డాక్టరు తిరిగొచ్చాడు.

“మేడం, ఏడేళ్ల పాప. తెగ నీళ్లు తాగుతోంది, పక్క తడుపుతోంది, చిక్కిపోయింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని మందిచ్చాను. పొద్దున్నుంచి వాంతులు.”

“షుగర్ చూశావా?”

“చిన్నపిల్ల కదా అని... తట్టలేదు మేడం.”

“మధ్యాహ్నం నా ఎదురుగానే కూర్చున్నావు కదయ్యా. అప్పుడేమైంది నోటికి?”

“ఆయన రాసుకుంటున్నాడు మేడం.”

ఆవిడ షుగర్ మీటరు సంచిలో వేసుకుంది. ముగ్గురం అతని బండిలో పాప ఇంటికి పరుగెత్తాం. పాప మగతగా పడి ఉంది, బుసలు కొడుతూ ఊపిరి తీస్తోంది. షుగర్ మీటరు కొలవగలిగిన హద్దు దాటిపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చాక రెండు రోజులు స్పృహలో లేదు. చివరికి బతికింది.

మరుసటి నెల బుధవారం కూడా ఆఫీసరు ముందు అందరూ అదే మాట అప్పజెప్పారు. ఇక నాకు ఒళ్లు మండి, ఆదివారం ఆ ఆరుగురినీ మా ఇంటికి పిలిచాను. మా ఆయన్ని బయటికి పంపి, వంటగది ముందు చాపలు పరిచాను. నా ఇంట్లో ఎవరు కూర్చోవాలో ఏ ఆఫీసూ చెప్పలేదు.

చిన్న డాక్టరు ఏదీ దాచకుండా పాప సంగతి మొత్తం చెప్పాడు. ఆ మధ్యాహ్నం తాను నోరు మూసుకున్నదీ చెప్పాడు. మీసాలాయన ఒక్కటే అడిగాడు. “పాప తల్లికి చెప్పావా?”

“లేదండి.”

మా డాక్టరమ్మ లేచి చెప్పులు వేసుకుంది. “పద, నేనూ వస్తా.” వాళ్ల వెంట నేనూ వెళ్లాను.

ఆఫీసరు రాసుకుంటాడని అతను నోరు విప్పని సంగతితో సహా, ఆ తల్లి గుమ్మంలోనే నిలబడి అంతా వింది.

“మధ్యాహ్నమే చెప్పుంటే నా బిడ్డకి అంత బాధ తప్పేదా?”

“కొంత తప్పేదమ్మా” అంది మా డాక్టరమ్మ.

ఆ తల్లి మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. మా వెనక వీధిలోకి కూడా చూసింది.

“మరి ఆ రాసుకునే ఆయన రాలేదేం?” అంది.