ముఖేడ్‌లో మోగని అలారం

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

నాందేడ్‌లో ఒక చిన్న కంప్యూటర్ల దుకాణంలో, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సిద్ధం చేయడం నా పని. నా కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డర్‌లో విడిగా మరో లినక్స్ కట్టి, దాన్నే కొత్త కంప్యూటర్లలోకి కాపీ చేసేవాణ్ణి. కట్టేటప్పుడు ఏ ప్యాకేజీ, అంటే ఏ ప్రోగ్రాం, ఎక్కించినా వెనకాల నడవాల్సిన దాని సర్వీసు తనంతట తానే నా కంప్యూటర్‌లో నడవడం మొదలుపెడుతుంది. అలా కాకుండా, 'ఏదీ మొదలుపెట్టవద్దు' అని చెప్పే చిన్న ఫైలు ఒకటి లోపల పెడతాం. పని అయ్యాక తీసేయాలి. ఆరేళ్ల కింద ఒక రోజు తీయలేదు. తొందరా? పొగరా? ఇప్పటికీ తెలియదు.

అలా ఫైలు ఉండిపోయిన కంప్యూటర్‌ను ఒకదాన్ని గంగాధర్ ముఖేడ్‌లో ఒక పాల కేంద్రానికి తీసుకెళ్లాడు. దెగ్లూర్ వాడు, మా దుకాణంలో నా దగ్గరే పని నేర్చుకున్నాడు. పాల ట్యాంకు వేడెక్కితే ఫోనుకు అలారం పంపే ప్యాకేజీ అక్కడ ఎక్కించాడు. మామూలుగా ఎక్కించగానే నడుస్తుంది. నా ఫైలు దాన్ని ఆపేసింది. మర్నాడు మధ్యాహ్నం పాలు చల్లబరిచే మోటారు ఆగింది, అలారం మోగలేదు, ట్యాంకెడు పాలు విరిగిపోయాయి.

చూసి రమ్మని దుకాణం మాలక్ నన్ను పంపాడు. కంప్యూటర్ తెరిచి చూస్తే నా ఫైలు అలాగే ఉంది. గంగాధర్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"అన్నా, నేను మంచిగనే ఎక్కించిన. లోపట ఏమన్న అడ్డం ఉండెనా?"

"ఏం లేదురా. షురూ అయిందో లేదో నువ్వే చూసుకోలే."

అంటూనే, అతను గమనించేలోపే ఫైలు చెరిపేశాను. మాలక్ ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశాడు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందనా? కాదు, పనిమంతుడన్న పేరు పోతుందని. అతను చూసుకోవాల్సిందే, నిజమే. ఆ సగం నిజాన్ని పట్టుకునే ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను.

ఇప్పుడు ఏది కట్టినా ఆ ఫైలు తీశానో లేదో మూడుసార్లు చూస్తాను. ఇంటికి పోతూ సగం దారిలో ఆటో వెనక్కి తిప్పించి మళ్లీ చూస్తాను. ఎవరి కోసం?

మొన్న దెగ్లూర్ బస్టాండులో గంగాధర్ కలిశాడు. బట్టల దుకాణంలో ఉన్నాడట, కంప్యూటర్ జోలికే పోవడం లేదట. చాయ్ తాగించి, "తప్పు నాదే అన్నా, నేనే జర చూసుకోవల్సి ఉండె" అన్నాడు. నా అబద్ధాన్ని అతనే నమ్మేశాడు. చెప్పాలనుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

అక్కడ అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను. ఆ ఫైలు పెట్టిందీ నేనే, చెరిపిందీ నేనే. గంగాధర్ ఎక్కించినదాంట్లో ఏ తప్పూ లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతనికి మాత్రం ఇంకా తెలియదు.