థేమ్స్‌కి పసుపు కుంకుమ

నిన్న ఊరికి బయల్దేరుతూ మా ఆవిడ కారం పొట్లం మీద పెన్నుతో 'కారం' అని పెద్ద అక్షరాలతో రాస్తుంటే నవ్వొచ్చింది. ఎర్రటి పొడి ఏది పొట్లం కట్టినా పైన పేరు రాయాల్సిందేనన్నది మా ఇంటి చట్టం. అది మా పెద్దమ్మ వల్ల వచ్చింది, అదీ లండన్‌లో పడవెక్కడం వల్ల.

ఎనభైల్లో మాట. గుంటూరు పక్కన మిరప, పత్తి వేసే మా పెదనాన్నకి గుండె ఆపరేషన్ అవసరమైతే, లండన్‌లో డాక్టరుగా ఉన్న పెద్దమ్మ తమ్ముడు రమ్మన్నాడు. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చని తోడు పంపారు. విమానం దిగేసరికి ఆ నాలుగూ మరిచిపోయాననుకోండి. ఆపరేషన్ రోజున పెద్దమ్మ ఆస్పత్రి కిటికీలోంచి నదిని చూసి, మనిషి లేచి తిరిగితే పసుపు కుంకుమ ఇచ్చుకుంటానని మొక్కుకుంది. ఏ దేశపు నదైనా ఆవిడకి గంగమ్మే. పెదనాన్న లేచాడు, నడిచాడు. కానీ తుమ్మినా నవ్వినా కుట్లు తెగుతాయని భయం. రెండు నెలలు ఎద మీద చెయ్యి తియ్యకుండా, మూతి బిగించుకునే తిరిగాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు పడవెక్కాం. ఆ పొద్దున పెద్దమ్మ చేసిన బంగాళాదుంప వేపుడు ఎర్రగా నిగనిగలాడింది గానీ కారం జాడే లేదు. "ఈ దేశం గాలికి మన కారం కూడా చప్పబడిందే," అని సణుక్కుంటూనే పెదనాన్న పళ్ళెం ఊడ్చేశాడు. నది మధ్యకి రాగానే పెద్దమ్మ పసుపు వదిలి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ రెండో పొట్లం విప్పి ఎదురుగాలిలో చల్లింది.

అంతే, పడవంతా తుమ్ములే. టోపీలు ఎగిరాయి, దొరసానులు గొడుగులు అడ్డం పెట్టుకున్నారు. నేను కళ్ళు నులుముకుంటూ కనబడ్డవాళ్ళందరికీ సారీ చెబుతున్నాను.

"అయ్యో, కారమండీ!" అంది పెద్దమ్మ.

"మరి కుంకుమేదే?"

"పొద్దున వేపుట్లో వేసినట్టున్నానండీ. మొక్కు చెడిపోయింది," అని బావురుమంది.

పెదనాన్న వరసగా తుమ్మి, ఎద మీద చెయ్యి సంగతే మరిచిపోయి పగలబడి నవ్వాడు. "ఏడవకే పిచ్చిమొహమా! గంగమ్మకి మన చేలో పంట ముట్టింది. నీ కుంకుమ నా పొట్టలో భద్రంగా ఉంది. ఇంకేం భయం నీకు?"

ఇంట్లో పసుపుతో చేసుకున్న కుంకుమ కాబట్టి ఆయన కడుపుకేం కాలేదు. కుట్లకీ ఏం కాలేదు.

ఆ ఊరి వీధులూ, పడవ రంగూ నా మనసులోంచి ఎప్పుడో చెరిగిపోయాయి. పెద్దమ్మ నుదుటి కుంకుమని మాత్రం కాలం చెరపలేకపోయింది. చాలా ఏళ్ళకి, ఆవిడ ఆఖరి రోజున, పెదనాన్నే పక్కన కూర్చుని తన వేలితో దిద్దాడు.