జీడి మరక అనుకున్న వేలు

మా అప్ప (మావైపు అక్కని అలాగే పిలుస్తాం) పోగొట్టుకున్నవి ముందు రాస్తాను. ఎడమ కాలి వేళ్లు రెండు. నెల తిరక్కుండా అదే పాదం, చీలమండ పైవరకు. పలాసలో జీడిపిక్కల షెడ్డులో పంతొమ్మిదేళ్లు కూర్చున్న చోటు. ఆదివారం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చర్చికి నడిచి వెళ్లడం. వీటి పక్కన నా అంకె ఒకటుంది: తెలిసీ చెప్పకుండా గడిపిన నెలలు పదకొండు.

ఇద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. అప్ప జీడిపిక్కలు కొట్టేది, నేను తూకం గుమాస్తాని. ఏడో తరగతితో బడి మానేసినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కొద్ది నెలల తేడాతో ఇద్దరికీ షుగరు వచ్చింది. నా లెక్కలతో యజమానికి పని ఉంది కనుక ఆయనే డబ్బు కట్టి నన్ను ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చేర్పించాడు. అక్కడ ఫైలున్నవాళ్లకు నాలుగు ఆదివారాలు క్లాసు పెట్టారు. ఏం తినాలి, ఎంత నడవాలి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి. మూడో ఆదివారం మొత్తం పాదాల గురించే. రోజూ అరికాళ్లు చూసుకోమన్నారు. నొప్పి తెలియని పుండుకే ఎక్కువ భయపడమన్నారు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

అప్ప బస్సెక్కి సర్కారు ఆసుపత్రికి వెళ్లేది. పదిహేను రోజుల మాత్రల పొట్లం, తీపి మానెయ్యమన్న ఒక్క మాట. వెనకాల అంత పొడుగు వరస ఉంటే ఇంకొక మాట చెప్పే తీరిక ఎవరికుంటుంది?

ఒక సాయంత్రం నా నోటుబుక్కు చూసింది.

"ఏటిరా తమ్ముడూ, సదువు మల్లీ మొదలెట్టినావేటి? పరీచ్చెప్పుడు?"

"సుగరు పాటాలప్పా."

"నాకూ సెప్పు. నేనూ పాసవుతాను."

"నీకు అంకెలు తెల్దు కదేటి," అని నవ్వేశాను.

అప్ప అరచేతిలో జీడిపప్పు పోసుకుని, కాటాకి ఎక్కించకముందే బరువు చెప్పేది. ఎప్పుడూ పెద్దగా తప్పేది కాదు. షెడ్డులో ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నది నేనే.

పిక్క తొక్కలోని నూనె తగిలితే చర్మం కాలి, నల్లటి మరక పడుతుంది. షెడ్డు ఆడవాళ్ల చేతులకూ కాళ్లకూ అవి మామూలే. బూడిద రాసుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. అప్ప చిటికెన వేలు నల్లబడితే అందరూ జీడి మరకే అనుకున్నారు. నేనూ చూశాను.

"నొప్పుందా అప్పా?"

"నేదురా. నొప్పే నేకపోతే ఇంకేటి బాధ?"

నోటుబుక్కులో 'నొప్పి తెలియని పుండు' అన్న మాట కింద నేనే గీత గీసుకున్నాను. అయినా ఆ గీత, ఈ వేలు నా తలలో కలవలేదు. పాఠం ఫైలున్నవాళ్లదనీ, మరక షెడ్డుదనీ అనుకున్నానేమో.

విశాఖ ఆసుపత్రిలో పాదం తీసేశాక ఇంటికి తెచ్చుకున్నాం. మంచం పక్కన కూర్చుని మూడో ఆదివారం పాఠం చదివి వినిపించాను. అప్ప నోటుబుక్కు తన వైపు తిప్పుకుని చూసింది.

"ఇంతేనేటి? ఇందులో అంకెలెక్కడున్నాయిరా?"

నోటుబుక్కు మూసేశాను.

"నాకెలాగా అయిపోనాది. సెడ్డులో సుగరున్న ఆడోల్లెంతమందో సూడు. ఆల్లకైనా సెప్పు."

ఒక్కొక్కరినీ అడిగితే ఇరవై ఆరుగురు తేలారు. మధ్యాహ్నం అన్నాల వేళ ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వాళ్ల అరికాళ్లు వాళ్లకే అద్దంలో చూపించి చెప్పాను. మొదట సిగ్గుపడి పాదాలు చీరలో దాచుకున్నారు. పదిహేడు మందికి చెప్పేసరికి పిక్కలు రావడం ఆగిపోయి షెడ్డు మూతపడింది. మిగిలినవాళ్లు కంచిలి వైపు తోటల్లోకీ, నౌపడ ఉప్పుమళ్లలోకీ చెదిరిపోయారు. సెలవు దొరికినప్పుడల్లా వెతికాను. ఇద్దరు కనబడితే చెప్పాను.

ఇప్పటికీ నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అప్ప అడుగుతుంది, ఇంకెంతమంది మిగిలారని. ఏడుగురు.