రెండు క్యాసెట్ల అరబ్బీ

పోయిన మంగళవారం పొద్దున్నే కుప్పం నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. నర్సింగు చదివి, బెంగళూరులో రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దాయనను చూసుకునేందుకు రెండేళ్ల ఒప్పందం మీద వెళ్లబోతోంది. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో నేనొక్కదాన్నే ఉంటున్న గదిలోకి మనుషులు రావడమే తక్కువ, అందులోనూ ఒక సలహా అడగడానికి రావడం మరీ తక్కువ గనుక, ఆ పిల్ల చెప్పులు విడుస్తుండగానే దేవునికి మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. కాఫీ తాగి ఫోను తీసి నా ముందు పెట్టింది. వింటూ అరబ్బీ మాట్లాడడం నేర్చుకునే కోర్సులట, అందులో మూడింటిని ఏరిపెట్టుకుంది. మా వంశంలో ఆ దేశం చూసినదాన్ని నేనే కాబట్టి, ఏది కొనాలో నేనే చెప్పాలట.

మూడూ వినిపించింది. మొదటిది ఇంగ్లీషులో చెప్పి అరబ్బీ నేర్పేది, రెండోది హిందీలో. మూడోది తెలుగే గాని, రైల్వే స్టేషనులో బండి వస్తోందని చెప్పే గొంతులాగా ఎక్కడా ఊపిరి తీసుకోని తెలుగు. ఇంగ్లీషు దాంట్లో పాఠాలు ఎక్కువ ఉన్నాయనీ, తెలుగు దాంట్లో మరీ కొద్దిగా ఉన్నాయనీ తనే లెక్క చెప్పి, బజారులో సూట్‌కేసు చూసుకుని వస్తాను, సాయంత్రం బస్సులోగా ఆలోచించి పెట్టు పెద్దమ్మా అని వెళ్లిపోయింది. ఆ పిల్ల ఎంపిక తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే సాయంత్రందాకా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.

మా పుట్టిల్లు పుంగనూరు. నాయన ఒక మిషన్ బంగళాలో తోటపని చేసేవాడు. అమ్మకు ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు, నేను పెద్దదాన్ని, కాబట్టి బడి గడప తొక్కలేదు. అయినా మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడల్లా నాయన ఒక పలకా, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పుస్తకమైన బైబిలూ ముందు పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దబెట్టాడు. మట్టి చేతులతోనే దిద్దబెట్టేవాడు గనుక కీర్తనల పేజీల అంచులన్నీ ఎర్రగా ఉండేవి. నాకు ఇంత రాత అబ్బిందంటే అది ఆయన పెట్టిన భిక్షే. పెళ్లయిన నాలుగో ఏడు నా భర్త కామెర్లతో పోయాడు, పిల్లలు లేరు, మళ్లీ అన్న ఇంటికే చేరాను. అన్న ఒక్క మాట అన్న మనిషి కాదు. అయినా వాళ్ల పంక్తిలో కూర్చున్న ప్రతిసారీ ముద్ద చిన్నదిగా కలుపుకునేదాన్ని.

కువైట్‌లో ఒక ముసలామెను చూసుకునే పని ఉందని మా సంఘంలోని ఒకామె చెప్పినప్పుడు నేనే వెళతానన్నాను. ఆమె ఒక్కటే హెచ్చరించింది. మొదటి మూడు నెలలు పరీక్ష కాలమట. ఆ లోపల ఇంటివాళ్లతో మాట కలవకపోతే, వాళ్లకు నచ్చకపోతే, తీసుకొచ్చినవాళ్ల ఆఫీసుకు తిప్పి పంపేస్తారట, అక్కడి నుంచి ఊరికి. తిరిగొస్తే నాకున్నది అన్న గడపే. ఇక ఈ జన్మకు ఇంకో గడప ఉండదని నాకు తెలుసు.

అందుకని అరబ్బీ క్యాసెట్లు కొనడానికి వదినా నేనూ మదనపల్లె వచ్చాం. ఆ రోజుల్లో బస్టాండు ఎదుట పాటల క్యాసెట్లు అమ్మే కొట్లలోనే ఇవీ దొరికేవి, మా వైపు నుంచి అంతమంది వెళ్లేవాళ్లు మరి. కొట్టతను రెండు రకాలు చూపించాడు. ఒకటి నాలుగు క్యాసెట్ల సెట్టు, రంగుల అట్టపెట్టె, లోపల చిన్న పుస్తకం. పెట్టి వినిపిస్తే, రేడియోలో వార్తలు చదివే పద్ధతిలో ఒకాయన విమానాశ్రయం గురించీ హోటల్లో గది అడగడం గురించీ చెబుతున్నాడు. రెండోది రెండే క్యాసెట్లు, అట్ట కూడా లేదు, చేత్తో రాసి అంటించిన కాగితం. వి.కోట వైపు ఎవరో ఒకామె కువైట్‌లో కొన్నేళ్లు చేసి వచ్చి, ఇంట్లోనే కూర్చుని చెప్పి నింపిందట. అది పెట్టగానే ముందు ఒక కోడి కొక్కొక్కోమంది, తర్వాత ఆ మనిషి గొంతు వచ్చింది.

“ఏం మే, బాగుండావా?”

మా వైపు ఆడవాళ్లు ఒకరినొకరు మే అని పిలుచుకునే తీరులోనే, అలా తెలుగులో అడిగి, కాసేపు ఊరుకునేది. ఆ ఊరుకున్నంతసేపట్లో మనం అరబ్బీలో చెప్పాలి, తర్వాత తను చెప్పేది, శ్లోనిచ్ అని. మళ్లీ తెలుగు, మళ్లీ మౌనం, మళ్లీ అరబ్బీ. ఆ మౌనంలో దూరంగా ఎవరో ఎవరినో పిలవడం, బిందె కింద పెట్టిన చప్పుడు, అన్నీ వినబడేవి. నేను కొట్టు ముందు బల్ల మీద అలాగే కూర్చుండిపోయాను. వదినకు బస్సు తొందర.

“అరబ్బీ కొనేదానికి వచ్చి తెలుగు వింటా కూసుంటివే. ఆ భాష నీకు రాదా యేమి?”

వదిన మాటలో తప్పేమీ లేదు. నాలుగు క్యాసెట్లలో ఉన్న మాటల్లో సగం కూడా ఆ రెండింట్లో లేవు, రెండో క్యాసెట్టు వెనక వైపయితే సగం నుంచి ఖాళీ. తెలివైనదెవతయినా పెద్ద సెట్టే కొనేది. ఎందుకు ఇది కావాలన్నానో అప్పుడు నాకే తెలియదు, ఇదే ఇప్పించమని మాత్రం మొండికేశాను. ఇంటిదాకా వదిన సణుగుతూనే వచ్చింది. అన్న మాత్రం తన టేప్ రికార్డరు తుడిచి, బట్ట చుట్టి, నా పెట్టెలో పెట్టాడు. ఆ ఉపకారం నేను బతికున్నంతకాలం మరిచిపోను.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అనాలి. ఆమె అత్తగారిని, అంటే నేను చూసుకోవలసినామెను, నేను పెద్ద మామా అనేదాన్ని. రెండు కాళ్లూ పడిపోయి మంచంలో ఉండేది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు, పిల్లలు బడికి, పొద్దున ఏడింటికల్లా ఇల్లు ఖాళీ. మిగిలేది నేనూ ఆమే. తనను పరాయి దేశపు మనిషి చేతిలో పెట్టారని ఆమెకు కోపం, ఆ కోపం కొడుకు మీద చూపించలేక నా మీద చూపించేది. నేను ముద్ద పెట్టబోతే గోడవైపు తిరిగేది, ఒళ్లు తుడవబోతే చెయ్యి నెట్టేసేది. నా క్యాసెట్టులోని మాటలు ఎక్కువగా వంటింటివీ ఉతుకుడువీ. అలిగిన ముసలామెను బుజ్జగించే మాట ఒక్కటీ అందులో లేదు. ఏమడిగినా సరే అనడం తప్ప నాకేమీ చేతకాలేదు.

రెండు నెలలు దాటాక, పక్కింట్లో వంటచేసే సిలోనామె గోడ మీది నుంచి నాకు కబురు చెప్పింది. ఆమెది తమిళం, కుప్పంలో చెల్లెలి ఇంటికి వెళ్లొస్తూ నేను నేర్చుకున్న నాలుగు ముక్కలతో ఆమె మాట నాకు అర్థమయ్యేది. నెలాఖరులోగా పెద్ద మామా దారికి రాకపోతే నన్ను మార్చేస్తారని మా ఇంట్లో అనుకుంటున్నారట. ఆ వారమంతా నేను చేసిన ప్రార్థన ఒక్కటే, ప్రభువా, ఈ ఒక్క మనిషి నా వైపు తిరిగేటట్లు చెయ్యి అని.

ఆమెను వదిలి గది దాటకూడదు గనుక ఇస్త్రీ బల్ల కూడా ఆ గదిలోనే వేసుకున్నాను. అంతవరకూ క్యాసెట్టు రాత్రిళ్లు దొంగచాటుగా వినేదాన్ని, ఇక దాచి లాభం లేదని, మధ్యాహ్నాలు ఇస్త్రీ చేస్తూ టేప్ రికార్డరు అక్కడే పెట్టి, క్యాసెట్టులో ఆమె ఊరుకున్నప్పుడల్లా పైకే అరబ్బీ అప్పజెప్పేదాన్ని. మొదటి రోజు పెద్ద మామా చెయ్యెత్తింది. ఆపమంటోందేమోనని ఆపేస్తే, మళ్లీ చెయ్యూపింది, పెట్టమని. మూడో రోజు నేను చెప్పిన మాటకు నాలుక చప్పరించి, ఇలా కాదన్నట్టు తలాడించి, తనే సరిగ్గా పలికింది. క్యాసెట్టులోని వి.కోట ఆమె నేర్చుకొచ్చిన అరబ్బీలో తప్పులు చాలానే ఉన్నాయని అలా తెలిసింది. తప్పు దొరికిన ప్రతిసారీ ముసలామె ముఖం వెలిగేది. ఎవరికైనా ఏదైనా నేర్పి ఎన్నేళ్లయిందో పాపం. ఆమె నమాజు వేళకు క్యాసెట్టు ఆపేసి, ఆమె తన ప్రార్థన చేసుకుంటుంటే నేను ఇస్త్రీ బల్ల పక్కన కింద కూర్చుని నాది చేసుకునేదాన్ని. గదిలో రెండు ప్రార్థనలుండేవి, మా మధ్య మాటలు మాత్రం ఇంకా లేవు.

క్రిస్మసు వచ్చింది. ఆ ఇంట్లో అది మామూలు రోజు, వాళ్లకు తెలిసే అవకాశమూ లేదు. పుంగనూరులో ఆ రోజు ఆరాధన ముగిసేదాకా మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. ఆ అలవాటు కొద్దీ నేనూ ఏమీ తినలేదు. ఆరాధన మాత్రం ఎక్కడిది? ఎప్పుడు ముగిసిందనుకుని తినాలో తెలియక, మధ్యాహ్నం దాటినా అలాగే ఇస్త్రీ చేస్తూ ఉన్నాను. క్యాసెట్టు పెట్టలేదు. పెడితే ఆ కోడి అరుపుకే ఏడుపొస్తుందని భయం. వెనక నుంచి పెద్ద మామా గొంతు వినబడింది.

“అన్నం తింతివా మే?”

టకారం ఆమె నోటికి పలకలేదు గాని తక్కినదంతా వి.కోట ఆమె మాటే, ఆ మే అనడం దగ్గర గొంతు తగ్గించడంతో సహా. నేను అరబ్బీ చెప్పాల్సిన మౌనంలో ఆమె ఇన్నాళ్లూ తెలుగు అప్పజెప్పుకుంటోందన్నమాట. నేను తిరిగి చూశాను. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి నేను చెప్పేదాకా ఊరుకుంది.

“తినలేదమ్మా,” అన్నాను. మామా అనలేదు.

ఆమె తన పళ్లెం నా వైపు జరిపింది. మంచం పక్కన కింద కూర్చుని తిన్నాను. మూడు నెలలుగా నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. తెలుగులో అడిగే నోరు ఆ ఊళ్లో నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ ఏడు నాకు దేవుడిచ్చిన ఆరాధన అదే అని నేటికీ అనుకుంటాను.

తర్వాత నన్ను మార్చే మాట మళ్లీ రాలేదు. తొమ్మిదేళ్లు ఆ గదిలోనే ఉన్నాను, ఆమె పోయేదాకా. ఆ రెండు క్యాసెట్లలో ఉన్న తెలుగంతా, చివరికి టకారంతో సహా, ఆమెకు వచ్చేసింది. ఒక్క మాట ఎక్కువ రాదు, ఒక్క మాట తక్కువ కాదు. కాళ్లు నొస్తాండాయి అనేది, నీళ్లు సల్లగా ఉండాయి అని తిట్టేది. అన్నిటికంటే ఇష్టమైన వాక్యం ఇంకొకటుండేది. చూడడానికి డాక్టరు వచ్చినా, బంధువులు వచ్చినా, ఎంతో మర్యాదగా చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇస్త్రీ పెట్టె యాడుండాది అని పలకరించేది. వాళ్లు తెల్లమొహం వేస్తే నా వైపు చూసి నోరు మూసుకుని నవ్వేది. అరబ్బీ ఆమె నాకు ఎంత నేర్పినా, ఆ నవ్వు మాత్రం మా ఇద్దరి తెలుగుదే.

వచ్చేశాక వి.కోట వెళ్లాను, ఆ క్యాసెట్టు మనిషికి ఒక్కసారి దండం పెట్టి రావాలని. నా దగ్గర ఆమె పేరు లేదు, ఊరి పేరు లేదు, గొంతు తప్ప గుర్తేమీ లేదు. ముగ్గురు నలుగురిని అడిగి బస్సెక్కి వచ్చేశాను. ఇప్పటికీ నా ప్రార్థనలో ఆమె వంతు ఆమెకుంది.

సాయంత్రం మా చెల్లెలి కూతురు సూట్‌కేసుతో వచ్చింది. పాఠాలు కొంచెమైనా, ఆ గొంతు ఊపిరి తీసుకోకపోయినా తెలుగుదే తీసుకో, రెండేళ్లపాటు నీ పక్కన ఏ భాష ఉండాలనుకుంటావో చూసుకుని కొనుక్కో అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను, చెవుల్లో పెట్టుకోవద్దు, ఆ పెద్దాయన గదిలో పైకే వినబడేటట్లు పెట్టు అని. ఆ పిల్ల నా మాట కొట్టిపారెయ్యలేదు, నిదానంగానే చెప్పింది.

“అట్ల పెడితే వాళ్లకి డిస్టర్బెన్స్ పెద్దమ్మా. ఇప్పుడు ఎవురూ ఒప్పుకోరు. ఇంట్లో వాళ్లతో మాట్లాడల్లంటే రోజూ వీడియో కాల్ చేస్తా కదా.”

ఇంగ్లీషుదే కొనుక్కుంది. బస్టాండుదాకా వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో ఆ తెల్లటివి పెట్టుకుని, మొదటి పాఠం అప్పుడే మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, నాకేమీ వినబడలేదు. నన్ను చూసి చెయ్యూపింది, బస్సు కదిలింది.

ఆ పిల్లకు నాకంటే మంచి అరబ్బీ వస్తుంది, నాకంటే త్వరగా వస్తుంది, అందుకు సంతోషమే. రోజూ తల్లి ముఖం చూస్తుంది, ఆ భాగ్యం మాకు లేదు. ఎవరికీ అడ్డం కాకుండా నేర్చుకోవడం మంచి మర్యాదే. మా కాలంలో ఆ మర్యాద మాకు తెలియదు, తెలిసినా కుదరదు, ఒకరు నేర్చుకుంటే గదిలో ఉన్నవాళ్లంతా వినాల్సిందే. ఇప్పుడు ఎవరి పాఠం వాళ్ల చెవిలోనే ఉంటోంది. ఆ పెద్దాయన మంచంలో పడుకుని గోడవైపు చూస్తూ ఉంటాడు, ఈ పిల్ల పక్కనే కుర్చీలో కూర్చుని పెదవులు కదుపుతూ ఉంటుంది. ఈ పిల్ల ఏ భాష మనిషో ఆయనకు ఎప్పటికీ తెలియకుండానే రెండేళ్లూ గడిచిపోతాయేమో.