అత్తయ్య పట్టుబట్టిన టైళ్లు

మా అత్తయ్య తిరువొత్తియూరులో చెల్లెలింట్లో నిద్రలోనే పోయిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. మీరు తప్పుగా అనుకోకపోతే ఒక మాట చెబుతాను. నాకు మొదట ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. నెలనెలా ఆ చెల్లెలింటికి ఈవిడ ఎందుకు వెళ్లేదో ఇక ఎవరిని అడగాలి అనుకున్నాను.

అనుమానం నా పుట్టుబుద్ధి. గుంటూరు నుంచి రాయపురంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చాక అది ఇంకా ముదిరింది. మా అత్తింటివాళ్లు తరాలుగా ఈ తమిళ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు. అత్తయ్య మాటలో సగం తమిళం, మిగతా సగం నాకు కొత్త తెలుగు. బస్టాపులో నిలబడితే బోర్డు నన్నే చదవమనేది. తమిళం నేర్చానో లేదో పరీక్ష పెడుతోందని నాకు ఒళ్లు మండేది. మందు సీసా మీది తేదీ, ఫోన్‌లో వచ్చిన మెసేజీ, అన్నీ నా చేతికే ఇచ్చేది. నేను చదివితే వినబుద్ధవుతుందట. పొగిడి పని చేయించుకుంటోందని అదో అనుమానం.

వంటగట్టు మీది పాత కడప రాయి పగిలినప్పుడు అసలు గొడవ మొదలైంది. నేను నల్ల గ్రానైట్ అన్నాను. మా ఆయన సరేనన్నారు. అత్తయ్య మాత్రం టైళ్లే కావాలంది. అవీ చిన్నవి, మధ్యలో వెడల్పాటి సందులతో. రోజూ చేపలు కోసే ఇంట్లో, పసుపూ పులుసూ ఒలికే గట్టు మీద సందులేమిటండీ? వేడి గిన్నె పెట్టినా ఏమీ కాదంది. ఒకటి పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చంది. కారణాలు బాగానే ఉన్నాయి గానీ, చెప్పేటప్పుడు నా మొహం వైపు చూడలేదు.

మాధవరం దారిలో టైళ్ల షాపుకు వెళ్లాం. ఆవిడ రంగులు చూడనే లేదు. అతికించి పెట్టిన నమూనాల మీద బొటనవేలు పోనిచ్చి చూసింది. షాపాయన సందు కనపడని పెద్ద టైళ్లు చూపించబోతే, "గీత చేతికి తగలాల నాయనా" అంది. వీళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నేను ఖాయం చేసుకున్నాను. చివరికి బాత్రూంలో వాష్‌బేసిన్ గట్టుకు కూడా అవే వేయించింది. నా జన్మంతా సందులు తోముతూ బతకాలని ఈవిడ ఎత్తు అని అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

తోమాను కూడా. పొయ్యి దగ్గర మొదలై ఉప్పు డబ్బా దాకా వెళ్లే ఒక గీత మాత్రం ఎంత తోమినా మర్నాటికి మళ్లీ పసుప్పచ్చగా ఉండేది. కావాలనే పూస్తోందా అనిపించేది. ఆ డబ్బా కాస్త జరిపానంటే ఇక ఆ పూట నాతో మాట్లాడేది కాదు. "ఎత్తినదాన్ని ఆడనే పెట్టు" అని రోజుకోసారైనా అనేది. అయినా ఆవిడ చేతి వంజరం చేప పులుసు తిన్నాక నా కోపం పూట కూడా నిలిచేది కాదు. కాన్పయి వచ్చినప్పుడు నాకు పత్యం వండి, దగ్గర కూర్చుని తినిపించింది ఆవిడే. మా అమ్మ కూడా అంత చేయలేదు.

కర్మ రోజు చిన్నత్తయ్య నన్ను పక్కకు పిలిచింది.

"అక్కకు ఒక కన్ను ఎప్పుడో పోయింది అమ్మాయ్. రెండోది కూడా మసకే. నెలనెలా మా ఇంటికొచ్చింది కంటి డాక్టరు కోసరం. మీకు తెలిస్తే పొయ్యి కాడికి రానియ్యరని నా చేత ఒట్టేయించుకునింది."

అప్పుడు వచ్చింది ఏడుపు. వాకిట్లో జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

వారం తర్వాత మా ఆయన వంటింట్లోకి వచ్చి, ఇక నీ గ్రానైట్ వేయించేద్దామా అని అడిగారు. వద్దన్నాను. ఇన్నాళ్లూ ప్రాణం తీశావు కదా, ఇప్పుడేమైందన్నారు. ఆయనకు ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

"వేడి గిన్నె పెట్టినా ఏమీ కాదు" అన్నాను, ఆయన మొహం వైపు చూడకుండా.

ఆయన నన్ను అనుమానంగా చూసి వెళ్లిపోయారు. నేను కళ్లు మూసుకుని, పొయ్యి పక్కన ఆ పసుపు గీత మీద బొటనవేలు పెట్టి మెల్లగా పోనిచ్చాను. గీత చివర ఉప్పు డబ్బా చేతికి తగిలింది.