దూరు పెట్టెలో కందిరీగలు

2022 మే నెల. కర్ణాటకలో తెలుగు ఎక్కువగా వినిపించే పావగడ తాలూకాలో తిరుమణి చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా సోలార్ పలకలే. ఒకప్పుడు వేరుశనగ వేసి వాన కోసం ఎదురుచూసిన పొలాలు అవి. ఇప్పుడు రైతులు వాటిని సోలార్ పార్కుకు గుత్తకిచ్చారు. ఆ పార్కులో ఒక భాగాన్ని నడిపే కంపెనీ ఉంది, పేరు చెప్పను. దాని ఈఎస్‌జీ నివేదిక రాయడానికి బెంగళూరు నుంచి వచ్చాను.

ఈఎస్‌జీ అంటే ఏమిటని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. ఎన్విరాన్‌మెంట్, సోషల్, గవర్నెన్స్. ఒక సంస్థ నేలనూ నీళ్ళనూ ఎలా చూసుకుంటోంది, చుట్టూ ఉన్న మనుషులతో ఎలా మెలుగుతోంది, తన వ్యవహారాలను ఎంత నిజాయితీగా నడుపుకుంటోంది అని పరిశీలించి మార్కులు వేయడం, ఒకచోట నేర్చుకున్నది పదిచోట్ల చెప్పడం నా పని. ఆ మార్కులు చూసే బ్యాంకులు సంస్థలను నమ్ముతాయి. అందుకని నేను ఎక్కడికి వెళ్ళినా మర్యాదలకు లోటుండదు, ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువే పడుతుంది.

సైట్ మేనేజర్ మురళీధర్ గారిది గుంటూరు వైపు. మంచి మనిషే, కాని ఫైళ్ళ మనిషి. టేబుల్ మీద గ్రీవెన్స్ రిజిస్టర్ పెట్టారు. ఊరివాళ్ళ కష్టనష్టాలు రాసుకునే పుస్తకం అది. తెరిస్తే తెల్ల కాగితాలు.

"మూడేళ్ళండీ. ఒక్కటంటే ఒక్క కంప్లైంట్ లేదు మేడం. మీరే పోయినేడు దీనికి ఫుల్ మార్కులిచ్చారు" అన్నారాయన మురిసిపోతూ.

నిజమే, ఇచ్చాను. పోయినేడు కోవిడ్ వల్ల రాలేక బెంగళూరులో కూర్చుని, స్కాన్ చేసి పంపిన ఖాళీ పేజీలు చూసి, ఫిర్యాదులు లేవంటే అంతా బాగున్నట్టే అనుకుని మార్కులు వేసేశాను. ఇప్పుడు ఆ పుస్తకం చేతిలో పట్టుకుంటే ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, నా మీద. మా ఇంట్లో ఉన్నదే నలుగురం, పొద్దున కాఫీ పూర్తయ్యేలోపు నాలుగు ఫిర్యాదులు వస్తాయి. ఇన్ని ఊళ్ళ మధ్య మూడేళ్ళు ఎవరికీ ఏ బాధా లేదంటే నమ్మడానికి నేనేమన్నా చంటిపిల్లనా?

"ఊరివాళ్ళు ఫిర్యాదులు వేసే పెట్టె చూపించండి" అన్నాను.

ఊళ్ళో పంచాయతీ ఆఫీసు గోడకు ఇనప్పెట్టె ఒకటి బిగించి ఉంది. మీద కన్నడంలో 'దూరు పెట్టిగె' అని ఎర్ర అక్షరాలు. కన్నడంలో దూరు అంటే ఫిర్యాదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. చివరికి సెక్యూరిటీ గార్డు రాయి తెచ్చి తాళం పగలగొట్టాడు. మూత ఎత్తగానే జుయ్యిమంటూ కందిరీగలు లేచాయి. మురళీధర్ గారు టై ఎగిరేలా పరుగెత్తారు. గార్డు ఆయన కంటే ముందు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పెట్టెలో గూడు తప్ప కాగితం ముక్క లేదు.

మర్నాడు పొద్దున్నే పాల డెయిరీకి వెళ్ళాను, ఎవరినీ వెంట పెట్టుకోకుండా. పావగడ బజారులో బట్టల కొట్టు వాళ్ళమ్మాయినని చెప్పగానే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. క్యాన్లు దించి మా నాన్న పేరు, మా అమ్మ ఆరోగ్యం అన్నీ విచారించారు. ఆ పెట్టెలో ఎందుకు ఏమీ వేయలేదని అడిగాను. ఒకామె పకపకా నవ్వింది.

"దూరు పెట్టెనా? దాంట్లో మేము దూరల్లనా ఏంది? ఎలకలం కాదు కదమ్మా!"

అందరూ నవ్వారు. నవ్వులు తగ్గాక, వెనక నిలబడిన పెద్దావిడ మాత్రం నవ్వకుండా అంది: "పాపా, మా మాటలో దూరేది అంటే ఏందో నీకు తెలీదా? ఒకర్ని నోటికొచ్చినట్ల తిట్టేది. గుత్త ఇస్తాండారు, పిల్లలకు పని ఇచ్చినారు. అట్లాంటోళ్ళను పోయి దూరితే మనిషి అంటారా మమ్మల్ని?"

ఇంకొకామె అందుకుంది: "కన్నడంలో అయినా అంతే కదప్పా. దూరు ఇచ్చినారంటే పోలీస్ స్టేషనే. ఈ పక్క పోలీసోళ్ళ జీపు వస్తేనే గుండె ఝల్లుమంటాది."

నాకు రెండు భాషలూ వచ్చు. చిన్నప్పుడు నేను అలిగితే మా అవ్వ "ఎవరు దూరినారే నిన్ను?" అనే అడిగేది. అలాంటి నేను ఆ పెట్టె ఫోటో పోయినేడు కంప్యూటర్‌లో చూసి 'భాష: స్థానికం, సరే' అని టిక్ పెట్టాను. సిగ్గుతో తల వంచుకున్నాను.

"సరే, దూరొద్దు. ఊరికే చెప్పుకోండి. మీకు ఏం కష్టంగా ఉంది?" అన్నాను.

అందరూ ఆ పెద్దావిడ వైపు చూశారు. ఆమె పేరు హనుమక్క. సెంటు భూమి లేదు కాబట్టి గుత్త రాదు. ఆమెకున్నది ముప్పై గొర్రెలు. జీవాలు అంటుంది వాటిని. రోజూ వాటిని వంకలోని చెక్ డ్యాం దగ్గరికి నీళ్ళకు తోలుకెళ్ళే దోవకు అడ్డంగా కంచె వచ్చింది. మధ్యలో ఒక్క సందు మిగిలింది, దానిగుండానే తోలుతోంది.

"వచ్చే వారం దాన్నీ మూసేస్తారంట. కంబాలకు గుంతలు తీసినారు. చుట్టు తిరిగి పోవల్లంటే ఈ ఎండకు గొర్రెపిల్లలు పడిపోతాయి. సంతకు తోలేస్తా, ఇంకేం చేసేది" అంది.

"మరి మేనేజర్‌కు చెప్పలేదా?"

"నా కోడలు ఆడనే పానెళ్ళు కడుగుతాది. నేను పోయి దూరితే దాని పని ఉంటాదా?"

ఆఫీసుకు తిరిగొచ్చి మురళీధర్ గారికి అంతా చెప్పాను. ఆయన స్టేక్‌హోల్డర్ల జాబితా తీశారు. కంపెనీ వల్ల మంచో చెడో కలిగే మనుషుల పట్టిక అది. "హనుమక్క ఇందులో లేరండీ. భూమి ఉన్నవాళ్ళే ఉన్నారు. పైగా కంచె ప్లాన్ హెడ్ ఆఫీసు ఎప్పుడో ఒప్పుకుంది. ఇప్పుడు మార్చమంటే నా మెడకు చుట్టుకుంటుంది" అన్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అయితే మీ పుస్తకం ఖాళీ అని కాదు, మీ చెవులు మూసి ఉన్నాయని రాస్తాను. పోయినేడు నేనిచ్చిన మార్కులు తప్పని కూడా అదే పేజీలో నా పేరుతో రాస్తాను. చూద్దాం ఏమవుతుందో" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. నా గొంతు నాకే ఎక్కువనిపించి నీళ్ళు తాగి, మెల్లగా అడిగాను: "ఒక్కసారి ఆ చుట్టుదోవ నడిచి చూడండి సార్. ఆమెతోపాటు. జీపులో కాదు."

ఆయన వస్తారని నేను అనుకోలేదు. మర్నాడు పదకొండింటికి, టై లేకుండా, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చారు. హనుమక్క ముందు, గొర్రెలు మధ్యలో, మేమిద్దరం వెనక. కంచె వెంబడే నడుస్తూ ఉన్నాం, అది ఎంతకీ ముగియలేదు. సగం దారిలో ఒక పిల్ల కాళ్ళు మడిచి కూలబడింది. హనుమక్క దాన్ని భుజాన వేసుకుంది. ఇంకొంచెం దూరం పోయాక ఇంకొకటి పడింది. ఈసారి మురళీధర్ గారు వంగి ఎత్తుకున్నారు. వంక చేరేదాకా దించలేదు. చొక్కా అంతా తడిసి, గొర్రె వాసన కొడుతూ, నీళ్ళ పక్కన కూర్చుని, "ఇది రోజూనా?" అని అడిగారు.

"మూసినాక రోజూనే కదా సామీ" అంది హనుమక్క.

సాయంత్రమే ఆయన గుంతలు తీసే పని ఆపించి హెడ్ ఆఫీసుకు రాశారు. వారం తిరక్కుండా అక్కడినుంచి ముగ్గురు పెద్ద అధికారులు దిగారు. పంచాయతీ హాల్లో కూర్చున్నారు. నేను నా తప్పుతో మొదలుపెట్టి, పెట్టె సంగతి, మాట సంగతి, ఖాళీ పుస్తకం భయానికి గుర్తు అన్న సంగతి చెప్పాను. ఒక అధికారి విసుగ్గా, "ఒక్క మనిషి కోసం డిజైన్ మార్చమంటారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే హనుమక్క లేచింది. కొంగు నడుముకు చుట్టి, తలెత్తి చెప్పింది: "ఒక్కదాన్ని కాదప్పా. ఈ పక్క జీవాలుండే ఇండ్లు ఇరవై ఉండాయి. నోరు తెరిచింది నేనొక్కదాన్ని. మిమ్మల్ని దూరడానికి రాలేదు. ఎండ మీరు తీసుకోండి, మాకు దోవ ఇడిచిపెట్టండి. అంతే."

హాలంతా ఒక్కసారి చప్పట్లు. గోడవారగా నిలబడ్డ ఆమె కోడలు, పానెళ్ళు కడిగే యూనిఫాంలోనే ఉంది, అందరికంటే గట్టిగా కొట్టింది. ఆ పిల్ల పని ఏమవుతుందోనని అన్నాళ్ళూ నోరు కట్టుకున్న హనుమక్క అటు చూసి మొదటిసారి నవ్వింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

సందు మూయలేదు. దానికి రెండు తలుపుల గేటు పెట్టారు. ఇనప్పెట్టె పీకేశారు. దాని బదులు ప్రతి గురువారం పొద్దున పాల డెయిరీ దగ్గర కంపెనీ మనిషి ఒకరు కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటారు. పుస్తకం పేరు 'మనవి'. కన్నడంలోనూ తెలుగులోనూ ఆ మాట ఒకటే, రెంటిలోనూ దానికి స్టేషన్ వాసన లేదు. గేటు తెరిచిన రోజు ఇరవై ఇళ్ళ జీవాలూ ఒకే వరసలో దాటాయి. ఎవరో ఈల వేశారు, ఆ దుమ్ములో మురళీధర్ గారు పెళ్ళిపెద్దలా గేటు పట్టుకుని నిలబడ్డారు.

మరుసటి ఏడు నివేదికకు వెళ్తే 'మనవి' పుస్తకం సగం నిండి ఉంది. మార్కులు పెంచాను. బెంగళూరులో మా ఆఫీసు కుర్రది, "అక్కా, ఫిర్యాదులు పెరిగాయి, మీరు మార్కులు పెంచారేంటి?" అంది. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. ఇప్పుడు ఏ సంస్థకు వెళ్ళినా పుస్తకంలో ఎన్ని ఫిర్యాదులున్నాయని అడగను. ఈ ఊళ్ళో కష్టం చెప్పుకోవడాన్ని ఏమంటారు, అలా చెప్పుకున్నవాళ్ళకు మర్నాడు ఏమైంది అని అడుగుతాను.

ఆ మరుసటి ఏడు వెళ్ళినప్పుడే, ఒక గురువారం నేను డెయిరీ దగ్గర ఉండగానే హనుమక్క వచ్చింది. నన్ను పలకరించనైనా లేదు, నేరుగా రాసుకునే అబ్బాయి ముందు బెంచీ మీద దబ్బున కూర్చుంది. "రాసుకోప్పా. వాచ్‌మేను పొద్దున ఏడు గంటలయినా గేటు తీయడంల్యా, నిద్ర పోతాండాడు. రేపట్నుంచి ఆరింటికి తీయల్ల. రాసినావా? ఏం రాసినావో సదువు."

ఆ అబ్బాయి గబగబా చదివి వినిపించాడు. మర్నాడు ఆరింటికి గేటు తెరిచారు.