రెండో సగానికి ముందు

మా మావయ్య పోయాడన్న కబురు ప్రోతరాపూర్ బస్సు డ్రైవరు తెచ్చాడు. గోల్ ఘర్‌లో మా ఇంటి ముందు బస్సు ఆపి, దిగి, వానలో తడుస్తూ నిలబడి, "దీదీ, మాస్టర్ జీ నహీ రహే" అన్నాడు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఫైనల్ చూడకుండా ఎలా వెళ్లిపోతావయ్యా అని. ఆ కోపం ఇంకా తీరలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బడిలో డ్రిల్ మాస్టారు ఉద్యోగమొస్తే శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. పిల్లలు లేరు. చుట్టుపక్కల ఊళ్ల ఫుట్‌బాల్ లీగే ఆయన సంసారమని అత్త సాధిస్తూ ఉండేది.

మొదట్లో ఆ లీగు ఏకబిగిన సాగేది. వానలకు మైదానం మడుగయ్యేది, ఆటలు వాయిదా పడేవి, ఉద్యోగస్తులు సెలవుల్లో ఓడెక్కి సొంతూళ్లకు పోయేవారు. చివరికి ఎవరు గెలిచారో ఎవరికీ పట్టేది కాదు. ఒకసారి రేవుకొచ్చిన విదేశీ నావికుడెవరో మావయ్యకు చెప్పాడట, లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల ఏడాది ఆటను రెండుగా విడదీసి ఒక్కో సగానికీ ఒక విజేతను తేలుస్తారని, అమెరికాలో బేస్‌బాల్ చిన్న లీగుల్లో ఆ ఇద్దరికీ చివర పోటీ పెడతారని. తరువాతి మీటింగులోనే ఈయన లేచాడు. వానలకు ముందొక సగం, తరువాతొక సగం, చివర ఆ రెండు సగాల విజేతలకూ ఫైనల్. వానలు వెలిశాక అందరికీ మళ్లీ సున్నా నుంచే లెక్క.

ముందంజలో ఉన్న జట్టు పెద్దమనిషి, మా పాయింట్లన్నీ ఏమైపోవాలని అడ్డం తిరిగాడు. "మాస్టర్ జీ, హమారా పాయింట్ కహా గయా?"

"పానీ మే గయా, భయ్యా" అన్నాడు మావయ్య. "ఓడినోడిక్కూడా వానలెలిసీదాకా ఆశుండాల గదా."

అందరూ నవ్వారు. పద్ధతి మాత్రం నిలిచిపోయింది.

వానలయ్యాక మైదానం ఆటకు పనికొస్తుందో లేదో తేల్చేది ఆయన మడమ. పొద్దున్నే చెప్పులు విడిచి, మధ్య గీత ఉండేచోట నిలబడి, ఒంటి బరువంతా మడమ మీద మోపేవాడు. మడమ దిగిన గుంటలో నీరూరితే ఆట లేదు. చిన్నప్పుడు నాచేత కూడా తొక్కించేవాడు. "నీ బరువుకేటి తెలుస్తాదే, ఇంకో ముద్ద తినీసి రా" అని వెక్కిరించేవాడు.

ఆయన నేర్పిన మా జాలరి కుర్రాళ్ల జట్టు ఎన్నడూ ఏ సగమూ గెలవలేదు. వేట బాగుంటే ఆటకు రారు, వచ్చినా చెప్పిన మాట వినరు. ఈ ఏడు మొదటి సగం వాళ్లే గెలిచారు. ఫైనల్లో చోటు ఖాయమైంది. ఆ సాయంత్రం మావయ్య మా ఇంటికొచ్చాడు. ఇచ్చిన టీ చల్లారిపోయినా తాగలేదు.

"ముందు గెలిచినోడికి ఓపిక కావాల, తరవాత గెలిచినోడికి దమ్ము కావాల" అన్నాడు. "మనోళ్లకి దమ్ముంది గానీ ఓపిక్లేదు. ఆ ఓపికేదో నానే పడతాను."

వానలన్నాళ్లూ దగ్గుతూనే, వంటింటి గట్టు మీద ఉల్లిపాయలు పేర్చి ఫైనల్లో ఎవరెక్కడ ఆడాలో అత్తకు చూపించేవాడట. అత్త వాటిని తీసి పులుసులో వేసేసేది. "గోల్‌కీపర్ని తరిగీసినావేటే" అని గోల పెట్టేవాడట. ఆ మాట చెబుతూ అత్త నవ్వబోయి ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

మొన్న వాన తెరిపిచ్చింది. జట్టు కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. "అక్కా, నువ్వొచ్చి తొక్కాల. మాస్టారు నీకే గదా నేర్పినారు."

వెళ్లాను. చెప్పులు విడిచి, ఆయన నిలబడే చోటే నిలబడ్డాను. ఆట మొదలైతే మావయ్య ఉన్న సగం అయిపోతుంది. ఆయన లేని సగం మొదలవుతుంది. నీరూరాలనే కోరుకున్నాను, కుర్రాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ. ఇంకొన్నాళ్లు వానల్లోనే ఉండిపోవాలనిపించింది. బలంకొద్దీ మడమ మోపాను.

"ఏటక్కా?" అన్నాడు కెప్టెన్.

కాలు తీసి చూశాను. గుంటలో చుక్క నీరు లేదు.

"ఆడుకోండి" అన్నాను.

సున్నం డబ్బా పట్టుకుని ఒకడు మైదానం ఆ చివర నుంచి గీత గీసుకుంటూ వచ్చాడు. నేను పక్కకు తప్పుకున్నాను. తెల్లగీత ఆ మడమ గుంటలోకి దిగి, పైకెక్కి, అవతలికి సాగిపోయింది.